అతికించిన దూలాలు

పంజాగుట్టలో రేపు తెరవబోయే హోటల్ ముందు బావా బావమరుదులిద్దరూ నిలబడి ఉన్నారు.

"ఎలా ఉందండీ బావగారూ? ఇంగ్లండులో పాతకాలపు జమీందారుల ఇల్లు. తెల్ల గోడలు, నల్ల దూలాలు. అచ్చం అలాగే దింపేశాం."

"అక్కడ ఇంటి బరువంతా ఆ దూలాలే మోస్తాయట. గోడంటే వాటి మధ్య మెత్తిన మట్టేనట. మరి ఇక్కడో?"

"ఇక్కడ మోసేది కాంక్రీటండీ. ఇవి ఫైబర్ పలకలు. చూపులకని గమ్ పెట్టి అతికించాం."

"తడితే డొల్లగా మోగుతోంది."

"ఎవరు తడతారండీ! గుమ్మం పక్కన దండ వేసి అక్క ఫోటో పెట్టించాను, చూశారా? హోటల్‌కి పేరు కూడా అక్కదే. రేపు దీపం మీరే వెలిగించాలి."

"మీ అక్క సోమాజిగూడ ఆస్పత్రిలో మంచం మీద ఉన్నప్పుడు నీ ఆఫీసు ఆ వీధి చివరే. ఒక్కసారి రాలేదు."

"అప్పుడు పనుల్లో తీరిక లేక..."

"మీ నాన్న పోయాక నిన్ను చదివించింది. పెళ్లి చేసింది. మీ ఇంటి బరువంతా అదే మోసింది."

"అందుకేగా బావగారూ, పేరు పెట్టుకున్నాను!"

"ఆ స్టూలు ఇలా జరుపు. ఫోటో నేను పట్టుకుపోతాను."

"అయ్యో, రేపే ఓపెనింగ్! అక్కడ గోడ బోసిపోతుందండీ!"

"ఇంకో పలక అతికించుకో."