సంచి కట్టిన గొర్రెలు

వరసగా మూడో ఏడూ వానలు లేవు. ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో, అక్కమ్మ గొర్రెల దొడ్డి ముందు పశువుల డాక్టరు వకుళ.

“ఇది బీట్లో మేసిన గొర్రె పెంటికేనా పెద్దమ్మా? నిజం చెప్పు.”

“మేసిందే. నువ్వు పెంటికలు పట్టేదానికి తోక కింద సంచి కట్టిన కాడ్నించి నేను ముట్టుకున్నానా?”

“సంచి ముట్టుకున్నావని అన్లేదు. ఎండుగడ్డి మేస్తే రేగ్గింజల మాదిరి గట్టిగా పడాల. ఇది చూడు, ముద్దముద్దగా ఉంది. నాలుగు సంచుల్లోనూ ఇంతే.”

“ఎండలకు కడుపు చెడింటాది లే. నీళ్లు తాగుతావా డాక్టరమ్మా?”

“నీళ్లొద్దు. ఏం పెట్టినావు?”

“నేనేం పెడతా! మాకే గతిలేదు.”

“మరి ఇదేంది? నూక కాదా?”

“ఏమో తల్లీ, నా కండ్లకు ఆనడం లేదు.”

“పెద్దమ్మా, సాయంత్రానికి ఈ లెక్క చిత్తూరు పోవాల. బయట మేసి వీటికి కడుపు నిండలేదని తేలితేనే మీ ఊరికి గడ్డి. ఇట్లా పంపిస్తే ‘ఆడ మేత బాగానే ఉంది’ అంటారు. ఒక్క మోపు రాదు.”

“బాగుంటే రాదా?”

“బాగుంటే ఎందుకిస్తారు?”

“అదేందమ్మా! పాకాలలో జీవాల పోటీ పెట్టినప్పుడు మా నాయన పొట్టేలు పుష్టిగా ఉండాదనే కదా బహుమానం ఇచ్చింది! డొక్కలు తేలినదానికి ఎవురిస్తారు? ఊరంతా నా దొడ్డి పక్కే సూస్తా ఉండారు. నావల్ల గడ్డి రాకుండా పోతాదేమోనని…”

“గంజి పోసినావు.”

“పోసినా. నూకలు ఉడకేసి పెట్టినా. తప్పా?”

“గోవిందా! ఇది పోటీ కాదు పెద్దమ్మా…”

“తెలీక చేసిందని రాసెయ్ తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా.”

“లెయ్, లెయ్ ముందు! అట్లా రాస్తే మీ ఊరి పేరే కొట్టేస్తారు. నాకు భయంగా ఉంది. ఉండు… ఉండు. మందలో మిగతా జీవాలకు గంజి పోయలేదు కదా?”

“లే. వాటికి పోయలే.”

“బతికినాం! సంచులు కట్టే ముందు మీ మందనంతా తూకమేసుంటిని. ఊళ్లో ఇంకెవరి జీవాలకూ ఆ తూకం లేదు. వాటినే మళ్లీ తూస్తా. ఎంత చిక్కినాయో తెలిస్తే చాలు, దేవుడికి దండం పెట్టుకుని చిత్తూరోళ్లను గడువు అడుగుతా. యాడుండాయి?”

“ఎండ దిగినాక సూద్దువులే.”

“అంతసేపు ఆగేదానికి లేదు! మీ ఆయన గురప్ప తోలుకుపోయినాడా?”

“తోలుకపోయినాడు.”

“ఏ పక్కకు? పిలువు, కేకెయ్!”

“కేకేస్తే వచ్చే కాడ లేవమ్మా.”

“పెద్దమ్మా… మంద యాడ?”

“అమ్మేసినాం తల్లీ, ఈ నాలుగింటికీ నూకలు కొనేదానికి. ఊరి జీవాల బతుకంతా వీటి మీదే ఉండాదని సంచులు కట్టిన్నాడు నువ్వే కదా అంటివి!”