సున్నంలో చిటికెడు నీలం

కంట్లో శుక్లాలు తీయించుకున్న సున్నాల మేస్త్రి, భార్య చెయ్యి పట్టుకుని ఇంటికొస్తూ తన వీధి మలుపులోనే నిలబడిపోయాడు.

"ఏమే, ఈ ఇళ్ళన్నిటికీ నీలం రంగు ఎవడు కొట్టాడు?"

"ఇంకెవరు? మీరే."

"ఊరుకో! నేను కొట్టింది తెల్ల సున్నం. తెలుపు నిగనిగలాడాలని చిటికెడు నీలిమందు కలుపుతాను, అంతే."

"ఆ చిటికెడు గుప్పెడై మూడేళ్ళయింది. ఎంత కలిపినా 'ఇంకా పచ్చగానే ఉంది' అంటూ మళ్ళీ పోసేవారు."

"ఓరి నాయనో! నా కంటి పొరల పసుపా అదంతా? మరి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. నా పనిలో వేలు పెట్టకన్నారు."

"పరువు పోయింది. వీధంతా నన్ను తిట్టుకుంటూ ఉంటారు."

"మొదట్లో తిట్టుకున్నారు. ఇప్పుడు ఎండన పడి వచ్చి ఈ మలుపు తిరిగితే ప్రాణం లేచొస్తోందంటున్నారు. పక్క వీధివాళ్ళు మీకోసం రెండుసార్లు వచ్చి వెళ్ళారు."

"తెల్ల సున్నానికేనా?"

"కాదు, అచ్చం ఈ నీలమే కావాలట."

మేస్త్రి దగ్గర్లోని గోడను అరచేత్తో నిమిరాడు. తెల్లవారుతున్న ఆకాశాన్ని తడిబట్టతో తుడిచినట్టుంది. తిట్టుకోవాలనుకున్నాడు గానీ నవ్వొచ్చింది.

"బాగానే ఉందే! ఎంత కలిపానో నాకే గుర్తులేదు, మళ్ళీ ఎలా కుదురుతుంది?"

"బకెట్టుకి నాలుగు గుప్పిళ్ళు. నేను చూస్తూనే ఉన్నాగా."

"గట్టిదానివే! అది సరే, ఈ నీలం శాలువా ఎప్పుడు కొన్నావు? నీకు భలే ఉంది."

"కొని రెండేళ్ళయింది. ఆ బూడిదరంగు గుడ్డ అవతల పారెయ్యమని రోజూ నా బుర్ర తినేవారే, అదే ఇది."