ఫ్రిజ్‌లో రాళ్లు

అశోక్‌నగర్‌లోని ఆడపిల్లల హాస్టల్లో ఉదయం నుంచి కరెంటు లేదు. ఒకే గదిలో ఉండే ఇద్దరిలో, ఫ్రిజ్ ఖాళీ చేస్తున్న పెద్దామె చేతిలో ఒక చిన్న డబ్బా ఉంది. చిన్నామె మంచం మీద గ్రూప్ టూ పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"ఏందే ఈ కంపు? నా గోంగూర పచ్చడి పక్కన ఏం పెట్టినవ్?"

"రాళ్లక్కా. నా పిత్తాశయంల రాళ్లు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పడిపోతయని వీడియోల చెప్పిండ్రు. మొన్న పొద్దున దొడ్డికి పోతే పడ్డయ్. పచ్చగ, పదకొండు."

"దొడ్డిల పడ్డయా? ఎట్ల ఏరినవే?"

"జాలితోని."

"ఏ జాలి?"

"చాయ్ జాలి. మంచిగ కడిగినక్కా."

"థూ! నిన్న రెండుసార్లు తాగిన గదనే చాయ్!"

"డాక్టర్‌కు చూపిద్దామని దాచిన. ఇగ ఆపరేషన్ అక్కర లేదు గద. పరీక్ష ఇరవై రోజులే ఉంది."

"ఇగో, చూడు. పదకొండుల ఒక్కటన్న మిగిలిందా?"

"అన్ని కరిగినయా?"

"కరెంట్ పోతే కరిగే రాయి ఉంటదా? నువ్వు తాగిన నూనెనే గడ్డకట్టి బయటికొచ్చింది. అసలు రాళ్లు లోపల్నే ఉన్నయ్. డాక్టర్ ఏమన్నడు?"

"ఆలస్యం చేస్తే రాయి జారి నాళంల ఇరుక్కుంటదన్నడు. కామెర్లయితయి, చీము పడ్తది, పానం మీదికొస్తదన్నడు. కని నొప్పి తగ్గిందక్కా. ఒళ్లంత దురద, గంతే."

"దురదనా? కిటికీ దిక్కు తిరుగు."

"ఎందుకు?"

"తిరుగంటున్న. ఎన్ని రోజులైందే అద్దంల మొఖం చూసుకోక?"

"సదువుకునేటోళ్లకు అద్దమెందుకక్కా?"

"నీ కళ్లు పసుపు పూసినట్టున్నయ్. పుస్తకం మూసి చెప్పులేసుకో."