నమ్మని పిల్ల

కాదు పాస్టరు గారూ, ఆదివారం సాక్ష్యం చెప్పమని నన్ను లేపకండి. మైకు చూస్తే పరిగెత్తుకొచ్చే ఎర్నెస్టీనేనా ఇలా అంటోందని నవ్వుకోండి, ఫరవాలేదు.

ఈ వయసులో మా బళ్ళో టీచర్లకి శిక్షణంటూ నన్ను కూర్చోబెట్టి ఏం నేర్పారనుకున్నారు? ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం. అదీ శిక్షణ. సైన్సులో మన నల్లవాళ్ళ పిల్లలు కనిపించడం లేదట, వాళ్ళని లోపలికి లాగాలట. లాగాలంటే ముందు గుమ్మంలోంచి నేను తప్పుకోవాలట.

నా క్లాసు మీరు చూశారు కదా. మీ ప్రసంగం కంటే ఊపుగా ఉందని మీరే అన్నారు. "బరువైతే?" అంటాను నేను, నీళ్ళ తొట్టి ముందు నిలబడి. "మునుగు" అంటారు పిల్లలు. "తేలికైతే?" "తేలు." వెనక నుంచి ఒకడు "ఆమెన్" కూడా అంటాడు. పై ఏడు సైన్సు ప్రత్యేక బ్యాచ్‌కి మా క్లాసు నుంచి ఒక్క పేరే పంపాలి. ఆ ఆమెన్ గాడి పేరే పంపుదామనుకున్నాను.

శిక్షణ ఇచ్చే అమ్మాయి, మిస్ హోల్‌కోంబ్, నా కూతురంత ఉంటుంది, ఒకరోజు వచ్చి వెనక కూర్చుంది. అంతా అయ్యాక వాణ్ణే అడిగింది, "ఎందుకు మునుగుతుంది బాబూ?" అని. "మిసెస్ గాట్లిన్ చెప్పారు కాబట్టి" అన్నాడు వాడు నన్ను చూపించి, తడుముకోకుండా.

సరే, మర్నాడు నేనూ అడిగాను. అడిగి, నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని ఊరుకున్నాను. ఎర్రసముద్రం పాయ విడవడానికైనా అంతసేపు పట్టి ఉండదు.

జకియా చెయ్యెత్తింది. మీకు తెలుసుగా, చర్చిలో వాళ్ళ అమ్మమ్మని ఆనుకుని కూర్చుంటుంది, పాటకి కూడా పెదవి కదపదు.

"నేను నమ్మను మేడమ్" అంది. "వరద నీళ్ళు ఇంట్లోకొచ్చినప్పుడు మా పెద్ద ఫ్రీజరు తేలింది. అమ్మమ్మ చెంచాలు మునిగాయి."

నాకు తెలియక కాదండీ. బరువొక్కటే కాదు, ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూడాలి. కాలేజీలో చదివిందే. కానీ అది తాళంలో ఇమడదే! సగం నిజమైతే చక్కగా ఇమిడింది.

క్లాసంతా ఆ పిల్ల వైపు తిరిగింది. "మరి ఇనప పడవ?" "లోపల ఖాళీ కదరా." "నీకెవరు చెప్పారే?" "ఎవరూ చెప్పలా. చూశా." గంట కొట్టేదాకా అదే గోల. నన్ను ఒక్కరూ ఏమీ అడగలేదు. గోడకి వేలాడేసిన కోటులా నిలబడ్డాను.

జకియా పేరే పంపాను. వాళ్ళ అమ్మమ్మ కేకు చేసి తెచ్చి, నన్ను పట్టుకుని ఏడ్చింది. "నా మనవరాల్ని గుర్తించిన మొదటి టీచరు మీరేనమ్మా" అంది. అది చూసే కదా మీరు సాక్ష్యం అంటున్నారు.

ఆ బ్యాచ్‌కి చెప్పేది పెట్‌వే మాస్టారు. నేను కాదు. మిగతా పిల్లలకి పై ఏడూ నేనే. పేరు రాస్తున్నప్పుడు నాకు ఆ పిల్ల భవిష్యత్తు గుర్తురాలేదు పాస్టరు గారూ. అమ్మయ్య, పై ఏడు ఇది నా క్లాసులో ఉండదు అనుకున్నాను.