గుమ్మంలోంచి చూస్తే

కంప్యూటర్ల షాపులో పక్కపక్కనే వెలుగుతున్న రెండు తెరలను, బోర్డులు రాసే ఆయన గుమ్మం దాకా వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూశాడు. ఏ బోర్డు రాసినా ఆయన సరిచూసుకునే తీరు అదే.

“రెండూ ఒకటేనే. చవకది తీసుకో.”

“నాన్నా, నేను గుమ్మంలో నిలబడి పనిచెయ్యను. దగ్గరికి రా.”

“నా కుంచెను పనిలేకుండా ఎండగట్టిన ఈ డబ్బాల్లో మంచిదేంటి, చెడ్డదేంటి!”

“రెండింట్లోనూ ఒకే అక్షరం పెట్టాను. దీనికి రిజల్యూషన్ తక్కువ. అంచు చూడు.”

“మెట్లు మెట్లుగా ఉందేంటి? ఎవడే రాసింది, చెయ్యి తిరగనోడు!”

“ఇప్పుడు ఖరీదైనదాంట్లో చూడు.”

ఆయన ముక్కు తెరకు ఆనేంతగా వంగాడు. “ఈ ‘ళ’ మెలిక... నాదే కదే!”

“నీదే. కళ్లజోళ్ల షాపు బోర్డు మీదిది. నీ అక్షరాలన్నీ ఇందులోకి ఎక్కిద్దామనే నా తాపత్రయం.”

“ముందే చెప్పొద్దూ! ఆ చవకదాంట్లో నా చెయ్యి వణికినట్టుంది. ఇదే ప్యాక్ చెయ్యమను.”