పిండి మీద కూకున్న అల్లుడు

"తాతా, ఇనుమెటు పారతాదో ముందే సెప్పేవోడివట, నిజవేనా?"

నిజవేటమ్మీ! కొరాపుట్ కొండలన్నిట్లోనూ, ఎర్రగా కాలిన ఇనుమ్మీద సుత్తి పడకముందే అదెటు పారతాదో సెప్పగలిగినోణ్ణి నేనొక్కణ్ణే. అంటే... సెప్పీసేవోణ్ణి. అది అటే పారేదా అంటే, అది వేరే సంగతి. నవ్వకు.

అప్పుడు కొత్తగా ఎట్టిన కార్ఖానాలో, కొలిమి కాడ టెంపరవరీ పని నాది. ఒక అచ్చుండేది. పళ్లెంలాగుంటాది, నడిమిన ఇంత లోతు గుంత. పొత్రంలాటి ఎర్రటి ముద్దని దాని మీద పడుకోబెట్టి మిషను సుత్తితో కొడితే, ఇనుం పక్కలకి పారిపోద్ది గానీ గుంతలోకి దిగదు. ఇంజినీరుబాబు మంచోడే, కోపవొస్తే టోపీ తీసి మళ్లీ ఎట్టుకునేవోడు. "సోమారం ఆ గుంత నింపినోడికి పెర్మినెంటు" అన్నాడు.

నాకు పెర్మినెంటంటే జీతం కాదమ్మీ, మీ మామ్మ. పెళ్లయిపోయింది గానీ, ఉద్యోగం ఖాయవైతే గానీ పిల్లని పంపనని మా మావ పద్మపూర్లో బిగుసుకు కూకున్నాడు.

సరే, అదే అచ్చు సెక్కలో సెక్కించి, సంచిలో ఏసుకుని, రాయగడ మీంచి అత్తోరింటికెల్లేను. మీ మామ్మ జంతికల పిండి కలుపుతోంది. అప్పట్లో పిండి ఆడించడానికి అణా... కాదు, అర్ధణా... ఒగ్గీ. సగం పిండిలో పసుపు కలపమన్నాను. పచ్చది లోపల, తెల్లది సుట్టూ. నొక్కేక కోసి సూస్తే ఏది ఎటెల్లిందో రంగే సెప్పేత్తాది. తెలివి కాదేటి? ముద్ద పడుకోబెట్టి, పైన సెక్కేసి, దాని మీద నేను కూకున్నాను.

అదే టయానికి మావ వచ్చేడు. "అల్లుడుగారూ, ఇంట్లో పీటలున్నాయి" అన్నాడు.

కోసి సూస్తే తెల్లదంతా పక్కలకి పారిపోయింది. పచ్చది గుంత అంచుకాడే ఆగిపోయింది. తలుపు సాటునించి మీ మామ్మ, "నిలబెట్టి సూడండి. పొడుగ్గా ఉంటే కిందకి దిగుద్ది గదా" అంది.

మావ ముందర పెళ్లాం మాటినడవేటని, "నీకేటి తెలుసు! లోపం ముద్దలో లేదు, నా బరువులో ఉంది. ఇంకా గట్టిగా కొడితే పడుకోబెట్టినా దిగుద్ది" అనీసేను. మీ మామ్మ నేను కూకున్న పిండితోనే జంతికలేసి నాకెట్టింది. రెండు రంగులవి. తినీసేను.

సోమారం వచ్చింది. "ఎటు పారతాది?" అన్నాడు ఇంజినీరుబాబు. "గుంతలోకి సార్!" అన్నాను. పట్టకార్తో ముద్ద తీసేను. పట్టు జారింది, ముద్ద ఒక్క గెంతు గెంతి గుంత మీద నిక్కి నిలబడిపోయింది. సర్దుదావనుకునేలోపు సుత్తి దిగిపోయింది.

పైకెత్తితే గుంత నిండా ఇనుం! ఇంజినీరుబాబు టోపీ తీసి, తను ఎట్టుకోలేదు, నా నెత్తినెట్టేడు. "నిలబెట్టాలని ఎలాగ తెలిసిందయ్యా?"

"లెక్కేసేను సార్."

నెల తిరక్కుండా మీ మామ్మ కాపురానికొచ్చింది. బండి దిగీ దిగకుండానే అడిగింది, "ఇంతకీ ఎలాగెట్టేరు?" అని. ఇప్పటికీ జంతికలేసినప్పుడల్లా అడుగుతాది.

నేనేటన్నానా? ఆ వంటింటి తలుపు దగ్గరకెయ్యమ్మీ... ఇన్నేళ్లూ "పడుకోబెట్టే" అనే సెప్తన్నాను.