మోత మానిన నెలలో ఆరబా బారు

అక్రా పట్నం, తెల్లదొరల కాలం. శనివారం తెరవబోయే బారులో దాని యజమాని ఆరబా, ఊరి పూజారి పంపగా మనుషుల్ని వెంటేసుకొచ్చిన పెద్దమనిషి ఒక్పోటి.

"ముందా డోలు మీంచి చెయ్యి తియ్యి బాబాయ్."

"తీస్తానమ్మా. డోలుతో పాటే తీస్తాను."

"నవ్వులాటగా ఉందా నీకు? శనివారం నా బారు తెరుస్తున్నా. ఊరంతా చెప్పుకున్నా."

"తెరువు. ఎవరొద్దన్నారు? డోలు మాత్రం మోగకూడదు. పూజారిగారు విత్తనాలు చల్లేశారు. మొలకొచ్చి పండగ దగ్గరపడేదాకా ఊళ్ళో మోత ఉండకూడదు. దేవుళ్ళు పనిలో ఉంటారు. కేప్ కోస్ట్ నుంచి వచ్చి ఇన్నేళ్ళయింది, తెలీదా నీకు?"

"తెలుసు. అందుకే మెత్తగా కొట్టమన్నా మా బ్యాండు వాళ్ళని."

"మెత్తగానా? డోలుని జోకొడతారా ఏంటే?"

"కమిషనరు ఆఫీసు నుంచి పర్మిషను కూడా ఉంది. ఇదిగో, సీలు చూడు. పాట, ఆట, అర్ధరాత్రి దాకా."

"దొర కాయితం దొర దగ్గర చెల్లుద్ది. మా దేవుళ్ళకి చదువు రాదు."

"చదువు రాకపోతే పోయింది, చెవులన్నా ఉండాలిగా! నిన్న రాత్రి ముందు వీధి హోటల్లో తెల్లవాళ్ళ డోలు వినలేదా మీ దేవుళ్ళు? ఇక్కడ నా గ్లాసులు అలమార్లో గంతులేశాయి!"

"విన్నారు."

"విని?"

"విన్నారమ్మా."

"విని ఏం చేశారంట? అటు తిరిగి పడుకున్నారా? దొర డోలుకి చెవుడు, ఆరబా డోలుకి పాము చెవులూనా?"

"నోరు, నోరు! దేవుళ్ళ మాట మాట్లాడుతున్నావు."

"దేవుళ్ళనేం అనట్లా, నిన్నంటున్నా. నా మీదకి కర్రలేసుకుని మందగా వచ్చారే, ఆ హోటలు గేటు దగ్గరికి ఒక్క మగాడు వెళ్ళాడా?"

"వెళ్తే జైలు."

"అదీ సంగతి! మెత్తగా ఉన్నచోటే గుచ్చుతారు. దొర ముందు పిల్లిలా, మా మీద పులిలా..."

"ఆరబా, కాసిని మంచినీళ్ళివ్వు."

"బారుకొచ్చి నీళ్ళడుగుతావేంటి? జిన్ను పొయ్యనా?"

"వద్దొద్దు. పూజ నెల."

"చిన్న గ్లాసులో."

"చిన్నదెందుకు? మొదటి చుక్కలు నేల మీద పెద్దలకి పొయ్యాలిగా. పెద్దదాంట్లోనే పొయ్యి."

"ఇంద. ఆగాగు, అదేంటి? పెద్దలకి రెండు చుక్కలూ నీకు గ్లాసుడూనా?"

"మా పెద్దలు మితంగా తాగేవాళ్ళు."

"బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క మాట విను. మా ఆయన పోయాక మా ఊళ్ళో ఇల్లు అమ్మి పెట్టాను ఈ బారు. అక్కలంతా నవ్వారు, ఆడదానివి సారా కొట్టేంటని. మొదటి రోజు జనం రాకపోతే ఇక ఈ గుమ్మం ఎవడూ తొక్కడు."

"వస్తార్లే."

"ఎందుకొస్తారు? శనివారం హోటల్లో దొరల డాన్సు. గుమస్తాలూ, రైల్వే వాళ్ళూ, నా గిరాకీ అంతా ఆ వెనక గోడ దగ్గరికే పోతారు. లోపలికి రానివ్వరని తెలుసు, అయినా పోతారు. గోడ బయట నిలబడి ఊరికే వచ్చే ఆ మోతకి చీకట్లో గెంతుతారు. కల్లు ముసల్ది అక్కడే కుండ దించుద్ది. నాకూ డోలుంటే సగం మందినన్నా ఇటు లాగుతా. లేకపోతే నా బీరు నేనే తాగి నేనే పడిపోవాలి."

"తాళ్ళున్నాయా ఇంట్లో?"

"దేనికి?"

"నీ డోళ్ళు కట్టడానికి."

"ఇంత చెబితే అదా నువ్వు విన్నది! నా డోళ్ళకి నన్నే పాడె కట్టమంటావా?"

"ఉక్కగా ఉంది. ఆ వీధి తలుపు బార్లా తియ్యి."

"తీస్తా! తీసి వీధంతటికీ చెబుతా! చూడండర్రా! మొగుడు పోయినదాని డోళ్ళు ఎత్తుకుపోతున్నారు! దొర గేటు ముందు తోక ముడిచిన మగాళ్ళు నా గుమ్మం దాటొచ్చారు! మీ చేతులు పడిపోను! మీ విత్తనాలు మొలవకుండా పోను!"

"విత్తనాల్ని వదిలెయ్యి. మమ్మల్ని తిట్టు, చాలు."

"తిట్టమని నువ్వు చెప్పేదేంటి?"

"బావుంది. వీళ్ళు వెళ్ళాక తలుపెయ్యి. ఒరేయ్, ఆ డోళ్ళు అందరూ చూసేలా వీధిలోంచి మోసుకెళ్ళండి. నేను వెనకొస్తా. ఆరబా, నీ పీపాల గదిలో చోటుందా?"

"దేనికి?"

"ఒకదాన్ని పెట్టాలి. ఇద్దరు మొయ్యాల్సినంత ఉంది. ఇత్తడి కట్లు. మీద కిరీటం బొమ్మ."

"బాబాయ్!"

"ఊఁ."

"అది హోటలు డోలు!"

"ఇవాళ పొద్దున్నదాకా."

"గేటు ఎలా దాటారు?"

"మేమెందుకు దాటడం? అక్కడ వంటవాడు మనవాడు, వడ్డించేవాడు మనవాడు, బట్టలు మోసేవాడు మనవాడు. మాసిన బల్ల గుడ్డల మూటలో అదే నడిచొచ్చింది. కాపలావాడే గేటు తీసి పట్టుకున్నాడు."

"ఓరి నాయనో! మరి నావెందుకయ్యా లాక్కోవడం?"

"ఉంచితే రేపు ఆ హోటలు దొర నీ దగ్గరికే వస్తాడు, అద్దెకివ్వమని. కాదనగలవా? కొత్తది కావాలంటే ఓడ రావాలి. శనివారం అక్కడా మోగదు, ఇక్కడా మోగదు. గోడ దగ్గర నిలబడి ఏం వింటారు, దోమల కచేరీయా? నోరెండి నీ దగ్గరికే వచ్చి చస్తారు."

"బాబాయ్, నువ్వు... అది సరే, పోలీసులు రారా?"

"రాకేం? ముందు గుడి తిరగేస్తారు, తర్వాత నా ఇల్లు. వీధిలో నిలబడి మాకు శాపనార్థాలు పెట్టిన మనిషి ఇంట్లో మేం దాచామని ఎవడనుకుంటాడు?"

"దొంగ ముసలాడా! రాగానే చెబితే నీ సొమ్మేం పోయేది? ఇంతసేపు నా గుండె ఆగిపోయింది!"

"చెబితే ఇంత బాగా ఏడ్చేదానివా? వెనక గుమ్మం తియ్యి, డోలు ఎండలో ఉంది. తర్వాత వీధిలోకెళ్ళి ఇంకోసారి తిట్టు. ఆ మలుపులో పోలీసు తలెత్తి కూడా చూడలేదు. గట్టిగా తిట్టు, తిట్లకి ఈ నెల నిషేధం లేదు."